చూసి నేర్వాలి... చూపు కట్టాలి!

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఎర్ర బంతి. ఒకటే! చెయ్యి అలా చిన్నగా ఊగింది.. పక్క సందులో ఇంకోటి. మళ్లీ ఊగింది.. మూడు. మళ్లీ.. నాలుగు. అయిదు వేళ్లకు ఉన్నవే నాలుగు సందులు. నాలుగూ నిండిపోయాయి. చప్పట్లు ఆగేలోపు ఒక్కోటీ మాయమైపోయి చివరికి ఖాళీ అరచెయ్యి మిగిలింది. అంతా కలిపి అరనిమిషం!

ఇంద్రజాలికులు దీన్ని బాల్ మానిప్యులేషన్ అంటారు. పెద్ద పెట్టెలుండవు, తెరలుండవు, రంపంతో కోయించుకునే అమ్మాయి ఉండదు. ఉన్నవి రెండు చేతులు, గోలీకాయ కన్నా పెద్దవీ టెన్నిస్ బంతి కన్నా చిన్నవీ అయిన నాలుగు బంతులు. అందుకే మ్యాజిక్ నేర్చుకునేవాళ్లకు ఇది కుస్తీలో తొలి పట్టు లాంటిది. దీంట్లో నెగ్గితే చెయ్యి తిరిగినట్టే.

పాల్వంచలో తొమ్మిదో తరగతి పిల్లాడెవరో ఆ అరనిమిషం చూశాడనుకోండి. నేర్చుకోవాలనిపించింది. ఎవరి దగ్గరికి వెళ్లాలి? కరెంటు ఎలా పుడుతుందో తెలుసుకోవాలంటే ఊళ్లోనే కేటీపీఎస్ ఉంది. డ్యామ్ అంటే ఏమిటో చూడాలంటే కిన్నెరసాని ఉంది. కోలాటం నేర్పేవాళ్లు, తబలా నేర్పేవాళ్లు వెతికితే దొరుకుతారు. బంతిని వేళ్ల మీద దొర్లించడం నేర్పే మాస్టారు మాత్రం వీధికొకరు ఉండరు కదా! హైదరాబాదు వెళ్దామంటే ఒక పూట ప్రయాణం. ఇక మిగిలింది సెల్‌ఫోన్. చేయి తిరిగినవాళ్ల ప్రదర్శనల్ని అందులో ముందుకీ వెనక్కీ తిప్పుకుంటూ చూడటం. ‘ఏందిరా పొద్దస్తమానం ఆ బంతాట? బువ్వ సల్లారిపోతాంది’ అని అమ్మ కేకేసేదాకా చూడటం.

చూస్తే వస్తుందా మరి? వస్తుంది.. కానీ అనుకున్నంతా రాదు. ఎంత వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నదే అసలు సంగతి.

వచ్చేసిందనిపిస్తుంది!

టేబుల్ మీద పళ్లేలూ గ్లాసులూ పెట్టి, కింద పరిచిన గుడ్డను ఒక్క లాగుతో తీసేసే విద్య సినిమాల్లో చాలామంది చూసే ఉంటారు. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన మైఖేల్ కార్డాస్, ఎడ్ ఓబ్రయన్ అనే పరిశోధకులు ఆ వీడియోనే పరీక్షకు పెట్టారు. కొందరికి ఒక్కసారి చూపించారు, కొందరికి ఇరవైసార్లు. ‘మీరు చెయ్యగలరా?’ అని అడిగితే ఇరవైసార్లు చూసినవాళ్లకు ధీమా బాగా పెరిగింది. బాణపు ముల్లు విసరడం, మూన్‌వాక్ నడక, జగ్లింగ్ లాంటి వేరే విద్యలతోనూ చూశారు. ఎక్కువసార్లు చూసినవాళ్లు తమకు వచ్చేసిందనుకున్నారు. తీరా చేయించి చూస్తే తక్కువసార్లు చూసినవాళ్లకన్నా వాళ్లేమీ మెరుగ్గా చెయ్యలేదు! 2018లో అచ్చయిన ఆ పరిశోధనలో ఇంకో ముచ్చట ఉంది. జగ్లింగ్ వీడియో చూసినవాళ్లకు ఆ కర్రముక్కల్ని కాసేపు ఊరికే చేతిలో పట్టుకోమని ఇచ్చారు. ఎగరేయలేదు, ఆడలేదు, పట్టుకున్నారంతే. దాంతో పెరిగిన ధీమా కాస్తా దిగిపోయింది.

కంటికి బరువు తెలియదు. నున్నటి బంతి చెమట పట్టిన చేతిలో ఎలా జారుతుందో తెలియదు. చిటికెనవేలు ఎంత బలహీనమో తెలియదు. అవన్నీ చేతికే తెలుస్తాయి. సైకిల్ తొక్కడాన్ని ఏడాదిపాటు అరుగు మీద కూర్చుని చూసినా మొదటిరోజు మోకాలు చీరుకోవాల్సిందేగా!

అలాగని చూడటం దండగ అనుకుంటే అదీ పొరపాటే. చెయ్యి ఎక్కడ ఆగుతోంది, ఎంత తొందరగా కదులుతోంది, బంతి మాయమయ్యే ముందు భుజం ఏం చేస్తోంది అన్నవి పుస్తకం చదివితే అర్థంకావు. బొమ్మలో ఒక భంగిమే కనిపిస్తుంది. లయ కనిపించదు. ఈ విద్యలో సగం లయే.

చెయ్యి కాదు.. కన్ను

తెలుగులో ఈ విద్యకు చాలా పేర్లున్నాయి. గారడీ, ఇంద్రజాలం, హస్తలాఘవం.. అన్నింటిలోకీ గట్టి మాట మాత్రం కనికట్టు. కన్నును కట్టెయ్యడం! హస్తలాఘవం అంటే విద్య చేతిలో ఉందనిపిస్తుంది. కనికట్టు అన్నవాళ్లు మాత్రం అది చూసేవాడి కంట్లో ఉందని కనిపెట్టేశారు. శాస్త్రవేత్తలు అక్కడికి చేరడానికి కాస్త సమయం పట్టింది.

నార్మన్ ట్రిప్లెట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1900లో ఇంద్రజాలం గురించి ఓ పరిశోధన పత్రం రాశాడు. బడిపిల్లల ముందు బల్ల దగ్గర కూర్చుని బంతిని పైకి ఎగరేసి పట్టుకునేవాడు. చివరిసారి బంతిని ఒళ్లో జారవిడిచి, ఉత్తచేత్తోనే ఎగరేసినట్టు చేసేవాడు. బంతి పైకెళ్లి గాల్లో మాయమవడం తాము కళ్లారా చూశామని పిల్లల్లో చాలామంది చెప్పారు. లేని బంతి ఎగరడాన్ని చూశారన్నమాట!

2006లో ఇంగ్లండు పరిశోధకులు గుస్తావ్ కూన్, మైఖేల్ ల్యాండ్ దీన్నే వీడియో తీసి చూపించారు. కూన్ స్వయంగా ఇంద్రజాలికుడు. లేని బంతిని ఎగరేసేటప్పుడు అతని చూపు కూడా పైకి వెళితే నూటికి 68 మంది బంతి ఎగిరిందన్నారు. చెయ్యి అదే పని చేసినా చూపు మాత్రం బంతి దాచిన చేతి మీదే ఉంటే ఆ సంఖ్య 32కు పడిపోయింది. అంటే మాయలో సగానికి పైగా చేసింది చెయ్యి కాదు, తల! ఇంకా వింత ఏమిటంటే చూసేవాళ్ల కళ్లు ఎటు తిరుగుతున్నాయో యంత్రంతో కొలిస్తే, బంతి ఎగిరిందన్నవాళ్ల కళ్లు కూడా లేని బంతి వెంట పైదాకా వెళ్లనే లేదు. ఇంద్రజాలికుడి మొహం వైపు వెళ్లాయి. అతను ఎటు చూస్తున్నాడో చూసి, బంతి కూడా అటే వెళ్లి ఉంటుందని మెదడు సర్దుకుంది.

వీడియోలు చూసి నేర్చుకునే పిల్లలు తప్పిపోయేది సరిగ్గా ఇక్కడే. వాళ్లు చేతుల్నే చూస్తారు. చేతులను దగ్గర చేసుకుని, నెమ్మది చేసుకుని, ఆపుకుని మరీ చూస్తారు. బంతి ఎక్కడ దాక్కుందో పట్టేస్తారు కూడా. ఆ తర్వాత అద్దం ముందు నిలబడి తామూ చేతులు తిప్పుతూ చేతుల వైపే చూసుకుంటారు. దాచిన చెయ్యి ఏదో చూసేవాళ్లకు తామే చెప్పేస్తున్నామని తెలియదు. మంచి ఇంద్రజాలికుడి ప్రదర్శన దొరికితే ఒక్కసారైనా చేతుల్ని వదిలేసి మొహాన్నే మొదటినుంచి చివరిదాకా చూడాలి. అతను బంతిని ఎంత నమ్ముతున్నాడో అప్పుడు తెలుస్తుంది.

కందకాల్లో గ్లవుజులతో...

ఈ విద్యలో పేరెత్తగానే అందరూ తలచుకునే మనిషి కార్డీని. అసలు పేరు రిచర్డ్ వాలంటైన్ పిచ్‌ఫోర్డ్. 1895లో వేల్స్‌లో పుట్టాడు. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుడిగా కందకాల్లో ఉన్నప్పుడు పేకముక్కలతో సాధన చేసేవాడు. చలికి గ్లవుజులు తీసే వీల్లేదు. గ్లవుజులతోనే వేళ్లను లొంగదీసుకున్నాడు. తర్వాత అదే అతని ప్రత్యేకత అయింది! కోటూ టోపీ, ఒంటికంటి అద్దంతో, కాస్త మందెక్కువైన పెద్దమనిషిలా స్టేజీ మీదకొచ్చేవాడు. పేకముక్కలు, బిలియర్డు బంతులు, సిగరెట్లు వద్దన్నా అతని వేళ్ల మధ్య పుట్టుకొచ్చేవి. అతను చేస్తున్నట్టు కాదు, అతనికి జరుగుతున్నట్టు ఉండేది. నోటివెంట మాట లేదు. 1973లో కన్నుమూసేనాటికి అతణ్ని చూసి నేర్చుకున్నవాళ్లు, అనుకరించినవాళ్లు దేశదేశాల్లో ఉన్నారు.

1957లో అమెరికా టీవీలో వచ్చిన ఓ ఇంద్రజాల ఉత్సవంలో కార్డీని ప్రదర్శన రికార్డయింది. అదే కార్యక్రమంలో మన దేశం నుంచి పాల్గొన్నది పి.సి.సర్కార్. ఒకరిది రాజదర్బారులాంటి స్టేజీ, జరీ తలపాగా, హోరెత్తే సంగీతం. ఇంకొకరిది చేతివేళ్ల మధ్య మూడడుగుల ప్రపంచం. మన దగ్గర మ్యాజిక్ అంటే ఇప్పటికీ సర్కార్ తరహాయే గుర్తొస్తుంది. తెలుగునాట స్టేజీ ఇంద్రజాలాన్ని, హిప్నాటిజాన్ని ఇంటింటికీ పరిచయం చేసిన బి.వి.పట్టాభిరామ్ లాంటివాళ్లకు మాటే పెద్ద బలం. 2025లో కన్నుమూసిన ఆయన తర్వాతి కాలంలో మనస్తత్వ నిపుణుడిగా, రచయితగానే ఎక్కువమందికి తెలుసు. మాట లేకుండా బంతులతో మెప్పించడం మన స్టేజీల మీద తక్కువే. బంతులకు కాలం చెల్లిందనుకోనక్కర్లేదు మరి. 2018లో దక్షిణ కొరియాలోని బుసాన్‌లో జరిగిన ఫిస్మ్ ప్రపంచ పోటీల్లో స్టేజి విభాగం గ్రాండ్ ప్రి గెలిచిన స్పెయిన్ కళాకారుడు మిగెల్ మున్యోస్ చేసింది గాజు బంతులతోనే!

సాధన సంగతికొస్తే రాబర్ట్ హూడిన్ కథ చెప్పుకోవాలి. ఆధునిక ఇంద్రజాలానికి ఆద్యుడిగా చెప్పే ఈ ఫ్రెంచి గడియారాల మేస్త్రీ కుర్రతనంలో బంతులు ఎగరేయడం నేర్చుకుంది ఏ మహామాంత్రికుడి దగ్గరో కాదు. వాళ్ల ఊళ్లో కాళ్ల ఆనెలు కోసే మనిషి దగ్గర! నాలుగు బంతులు గాల్లో ఉండగా ఎదురుగా పుస్తకం పెట్టుకుని చదవడం అలవాటు చేసుకున్నాడు. వేళ్లకు పని అప్పగించి కళ్లను ఖాళీ చేసుకోవడమే దాని ఉద్దేశం. ముప్ఫై ఏళ్లపాటు దాదాపు ముట్టుకోకపోయినా మూడు బంతులు ఎగరేస్తూ ఇప్పటికీ చదవగలనని 1858లో వచ్చిన ఆత్మకథలో రాసుకున్నాడు.

అలాంటిదే మన ఇళ్లలోనూ ఉండేది. మధ్యాహ్నం పూట అరుగు మీద ఆడపిల్లలు ఆడే అచ్చనగాయలు! ఒక రాయి పైకి లేచి కిందికొచ్చేలోపు నేల మీదున్న నాలుగింటినీ గుప్పిట్లోకి ఊడ్చి, పైదాన్ని పట్టుకోవడం. దానికి పాఠాలుండవు. అక్క ఆడుతుంటే చెల్లి చూస్తుంది, ఓడిపోతుంది, మళ్లీ కూర్చుంటుంది. గులకరాళ్లను అలా ఆడించగలిగిన చెయ్యికి బంతి పరాయిదేం కాదు.

రామస్వామి కాస్తా రామోసామీ

బంతుల విద్య కోట్లూ టోపీలవాళ్లతో పుట్టిందేమీ కాదు. వేళ్ల సందుల్లో బంతులు పెరిగే స్టేజీ అంశానికి పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి ఇంద్రజాలికుడు బ్వాతియే డి కోల్టా పేరు చెబుతారు. కానీ గిన్నెలూ బంతుల ఆట అంతకన్నా చాలా పాతది. రోమన్ రచయిత సెనెకా రెండు వేల ఏళ్ల కిందటే దాని గురించి రాశాడు. మన గారడీవాళ్లు నేల మీద గొంతుక్కూర్చుని, పైన బుడిపె ఉన్న చిన్న గిన్నెల్ని వేళ్ల మధ్య ఇరికించి ఆడించేవాళ్లు. నాలుగువైపులా జనం, వెనకాల తెర లేదు, లైట్లు లేవు. మిట్టమధ్యాహ్నం ఎండలో అందరి కళ్లూ కట్టెయ్యాలి. స్టేజీ మీద చేసేవాడికి ముందువైపు మాత్రమే జనం. ఎవరిది కష్టమో వేరే చెప్పాలా?

1810ల్లో దక్షిణ భారతం నుంచి లండన్ వెళ్లినవాళ్లలో ఒకరి పేరు అక్కడి వాల్‌పోస్టర్ల మీద ‘రామోసామీ’ అయింది. రామస్వామే అయి ఉంటాడు. బంతులు ఎగరేయడం, గిన్నెల ఆట, కత్తి మింగడం.. అన్నీ చేసేవాడు. 1819లో అమెరికాలోనూ ఆడాడు. ఆ రోజుల్లో లండన్‌లో ఓ భారతీయ గారడీవాడు నాలుగు ఇత్తడి బంతుల్ని ఎగరేయడం చూసిన ఆంగ్ల రచయిత విలియం హాజ్లిట్ ఏకంగా ఒక వ్యాసమే రాసేశాడు. 1821 నాటి ‘టేబుల్ టాక్’ సంపుటిలో ఉంది. ఇంత పరిపూర్ణంగా నేను చెయ్యగలిగిన పని ఒక్కటైనా ఉందా అని ఆ రచయిత సిగ్గుపడ్డాడు. ఆ గారడీవాడు రామోసామీయేనని చాలామంది నమ్మకం. 1850లో రామోసామీ చనిపోతే అంత్యక్రియలకు సాయం చెయ్యమని భార్య లోకాన్ని వేడుకోవాల్సి వచ్చింది. చూసి చప్పట్లు కొట్టినవాళ్లు ఎందరో, చూసి నేర్చుకున్నవాళ్లూ ఎందరో!

తెలంగాణలో సాధనాశూరులని ఒక కులం ఉంది. పద్మశాలీల మీద ఆధారపడిన కళాకారులు వీళ్లు. ఊరూరా తిరిగి మగ్గాలవాళ్ల వాడల్లో సాహస విద్యలు, ఇంద్రజాలం ప్రదర్శించి వాళ్లిచ్చిందే పుచ్చుకునేవాళ్లు. కులం పేరులోనే సాధన ఉంది, గమనించారా! అలాగే విప్రవినోదులు. సామగ్రి ఏమీ లేకుండా ఉత్తచేతులతో వస్తువుల్ని రప్పించడం, మార్చడం వీళ్ల విద్య. విజయనగర కాలం నాటి శాసనాల్లోనూ వీళ్ల ప్రస్తావన ఉంది. ఈ ఇళ్లలో పిల్లలు వీడియో చూసి నేర్చుకోలేదు. నాన్నో తాతో పక్కన కూర్చుని చేస్తుంటే చూశారు. తప్పుచేస్తే చేతిమీద ఒకటి పడేది. గుట్టు ఇంట్లోనే ఉండేది కాబట్టి దానికో విలువ ఉండేది.

మగ్గం ఆగిపోతే మగ్గాన్ని నమ్ముకున్న గారడీ కూడా ఆగిపోతుంది. వీధి గారడీకైతే చట్టం కూడా అడ్డే. 1959 నాటి బొంబాయి యాచక నిరోధక చట్టం ఆడి పాడి, విద్య చూపించి డబ్బు పుచ్చుకోవడాన్నీ అడుక్కోవడం కిందే లెక్కగట్టింది. ఆ చట్టం ఢిల్లీకీ విస్తరించింది. అక్కడ దాన్లోని శిక్షల సెక్షన్లను 2018లో హైకోర్టు కొట్టేసేదాకా నడిచింది. స్టేజీ మీద టిక్కెట్టు పెట్టి చేస్తే కళ, చెట్టు కింద గుడ్డ పరిచి చేస్తే యాచన! ఇంతకన్నా పెద్ద కనికట్టు ఏ మాంత్రికుడూ చెయ్యలేదేమో. ఆ ఇళ్ల పిల్లలు చదువుకుని వేరే ఉద్యోగాలకు వెళ్లడం మంచిదే, ఎవరూ కాదనరు. కానీ ఆ తాతల చేతుల్ని దగ్గర్నుంచి, ఓపిగ్గా వీడియో తీసి దాచడం ఎంత పని? అమెరికాలో కార్డీని చేతులు చూడాలంటే ఇప్పటికీ దొరుకుతాయి. మన దగ్గర గిన్నెలాడించిన చేతుల్లో ఎన్ని దొరుకుతాయి?

చూడొచ్చు.. ఎత్తుకుపోకూడదు

చూసి నేర్చుకోవడానికీ దొంగిలించడానికీ మధ్య గీత ఎక్కడ? ఇంద్రజాలికుల్లో ఇది ఎప్పుడూ ఉండే తగువే. బంతిని అరచేతిలో పట్టే పద్ధతులు, వేళ్ల మీద దొర్లించే తీరు అందరి సొత్తు. సంగీతంలో స్వరాల్లాంటివి. ఎవరైనా సాధన చెయ్యొచ్చు. కానీ ఒకరు కట్టుకున్న వరస, సంగీతం, వేషం, ముగింపుతో సహా దించేస్తే అది నేర్చుకోవడం కాదు. అమెరికా ఇంద్రజాలికుడు టెల్లర్ కోర్టుకెళ్లి మరీ ఈ సంగతి తేల్చుకున్నాడు. పువ్వు నీడను కత్తితో కోస్తే అసలు పువ్వు రేకులు రాలిపడే అంశాన్ని అతను 1983లోనే కాపీరైటు చేయించాడు. బెల్జియం ఇంద్రజాలికుడొకరు దాన్నే కాస్త మార్చి వీడియో పెట్టి అమ్మజూపితే దావా వేశాడు. 2014లో టెల్లరే గెలిచాడు. గుట్టుకు కాపీరైటు ఉండదు కానీ, ప్రదర్శించే నాటకానికి ఉంటుందన్నది కోర్టు మాట.

ఆ టెల్లరే పాతవాళ్ల దగ్గర్నుంచి ఎలా తీసుకోవాలో కూడా చూపించాడు. డేవిడ్ అబాట్ అని వందేళ్ల కిందటి ఇంద్రజాలికుడు రాసి వదిలివెళ్లిన బంతి విద్య ఒకటి అతని కంటబడింది. అబాట్ బంతి గాల్లో తేలేది. టెల్లర్ ఏడాదికి పైగా, ఆటలయ్యాక ఖాళీ థియేటర్లో ఒంటరిగా దాంతో కుస్తీపట్టాడు. చివరికి అతని చేతిలో ఆ ఎర్రబంతి గాల్లో తేలడం మానేసి, పెంపుడు కుక్కపిల్లలా నేల మీద దొర్లుతూ, పిలిస్తే వస్తూ, రింగులోంచి దూకుతూ కొత్త జన్మ ఎత్తింది. అతని భాగస్వామి పెన్‌కు మొదట్లో అది నచ్చనే లేదట. చివరికి ఇదంతా ఒక్క దారంతో చేస్తున్నదేనని జనానికి ముందే చెప్పేసి మొదలుపెడతారు. చెప్పినా జనం నోరెళ్లబెట్టి చూస్తారు!

నిమ్మకాయతో మొదలు

పిల్లలెవరికైనా సరదా ఉంటే మొదటిరోజే ఖరీదైన బంతులు కొననక్కర్లేదు. పెద్దవాళ్ల చేతికి సుమారు నాలుగున్నర సెంటీమీటర్ల బంతి సరిపోతుంది. పిల్లలకు ఇంకాస్త చిన్నది. గట్టి నిమ్మకాయైనా, రబ్బరు బంతైనా ఫర్వాలేదు. ముందు ఒక్కటే. అరచేతి మధ్యలో, బొటనవేలి దిమ్మకూ వేళ్ల మొదళ్లకూ మధ్య అదుముకుని చెయ్యి వేలాడేసి నడవాలి. మంచినీళ్లు తాగాలి, తలుపు తియ్యాలి, పుస్తకం పేజీ తిప్పాలి. చెయ్యి బిగుసుకుపోకుండా, అందులో ఏమీ లేనట్టు మామూలుగా కనిపించేదాకా వేరే పని లేదు. నిలబడి చేసేటప్పుడు మంచం ఎదురుగా ఉంటే బంతి పరుపు మీద పడుతుంది. లేకపోతే బీరువా కింద వెతకడంలోనే సగం సాధన అయిపోతుంది!

వీడియో చూసేటప్పుడు మొదటిసారి ఏమీ వెతక్కుండా చూడాలి. ఎక్కడ ఆశ్చర్యపోయామో గుర్తుపెట్టుకోవాలి. రెండోసారి ఆ క్షణానికి ముందు ఏం జరిగిందో చూడాలి. అసలు పని ఎప్పుడూ ముందే అయిపోయి ఉంటుంది. ఆ తర్వాత శబ్దం ఆపి మొహాన్ని చూడాలి. నెమ్మదిగా తిప్పి చూడటం అన్నింటికన్నా చివర. అక్కడితో ఫోన్ పక్కన పెట్టేసి పది నిమిషాల చూపుకు గంట సాధన చొప్పున బంతి పట్టుకోవాలి. వీడియో ఎదురుగా ఉన్న మనిషిది కాబట్టి అతని కుడి మనకు ఎడమ. ఈ తికమక తీరడానికి అద్దం పనికొస్తుంది. కానీ అద్దం ఒకవైపు నుంచే చూస్తుంది. పక్కల నుంచి బంతి కనిపిస్తోందో లేదో అది చెప్పదు. ఆ పనికి చెల్లెలు కావాలి. ఎడమపక్క నేల మీద కూర్చోబెడితే చాలు. ‘అన్నా, ఎనకమాల దాసినవ్’ అని మొహం మీదే చెప్పేస్తుంది. అప్పుడు చెయ్యి ఓ రెండు వేళ్లంత లోపలికి తిప్పుకుని మళ్లీ చెయ్యాలి.